కింది స్క్రూ

తిరుమల్ కుడి మోచేతిని నడుముకు ఆనించి పట్టుకుని, భావన అతని అరచేతిని మెల్లగా బయటివైపు తిప్పింది. కొంత దూరం బాగానే వచ్చింది. ఆ తర్వాత భుజం ముందువైపు, చర్మం కింద, ఏదో సన్నగా టక్కుమంది. చెవికి వినపడేది కాదు, వేళ్ళకే తెలిసేది. ఆమె చేతిని వెనక్కి తెచ్చి మళ్ళీ తిప్పింది. మళ్ళీ అక్కడే.

నొప్పి ఉందా అని అడిగింది. లేదన్నాడు తిరుమల్, పైకప్పు వైపు చూస్తూ. అతని దవడ మాత్రం బిగిసి ఉంది.

దోహాలోని అల్ ఘర్రాఫాలో పాత విల్లా ఒకటి క్లినిక్‌గా మారింది. దాని వెనక గదిలో భావన ఫిజియోథెరపీ చేస్తుంది. ఆపరేషన్ అయినప్పటి నుంచి, రెండు నెలలుగా, తిరుమల్ అక్కడికి వస్తున్నాడు. అతనిది జగిత్యాల దగ్గరి పల్లె. బిల్డింగుల చుట్టూ ఇనుప గొట్టాలతో పరంజా కట్టే పని. ఆ పనిలో అతని భుజం కీలు ఒకసారి జారింది. తర్వాత దానికి జారడం అలవాటైపోయింది. చొక్కా తొడుక్కుంటున్నా జారేది, బస్సులో కడ్డీ పట్టుకున్నా జారేది. గిన్నెలాంటి ఎముక అంచు అరిగిపోయిందని డాక్టర్ రామకృష్ణారావు చెప్పారు. భుజం ముందు కొక్కెంలా ఉండే చిన్న ఎముకను కోసి, దానికి అంటుకున్న కండరంతో సహా తెచ్చి, అరిగిన అంచుకు ఆనించి, రెండు స్క్రూలతో బిగించారు. ముక్క అతుక్కుంటే అది అడ్డుగోడ అవుతుంది. కండరం పట్టీలా కీలును కాస్తుంది. కానీ అతుక్కునే దాకా భారమంతా ఆ రెండు స్క్రూలదే.

నిన్న తీసిన ఎక్స్‌రేలో పై స్క్రూ వంగి ఉంది. డాక్టరుగారు తిరుమల్ చేతిని మళ్ళీ మెడకు కట్టిన పట్టీలో వేలాడదీయించారు. కంప్యూటర్‌లో ఆయన రాయగా భావన చూసిన మాటలు రెండే: పేషెంట్ సూచనలు పాటించలేదు, బరువులు ఎత్తాడు.

ఆ రెండు మాటలతో కంపెనీ నిర్ణయం కూడా అయిపోయింది. తప్పు కార్మికుడిదైనప్పుడు ఇన్సూరెన్స్ రాదు. పని చేయలేని మనిషిని క్యాంప్‌లో ఉంచుకోరు. శుక్రవారం ఇండియాకు టికెట్ అని, తిరుమల్‌ను తీసుకొచ్చిన హమీదుద్దీన్ బయట బెంచీ మీద కూర్చుని ఎవరికో ఫోన్‌లో చెబుతున్నాడు. క్యాంప్‌లో కార్మికుల మంచీచెడూ చూసే ఉద్యోగం అతనిది. నిజామాబాద్ మనిషి.

"నేనేం ఎత్తలే మేడం," అన్నాడు తిరుమల్. గొంతు పెంచలేదు. అంతకుముందు డాక్టరుగారికీ, హమీదుద్దీన్‌కూ చెప్పి చెప్పి ఆ మాట అరిగిపోయినట్టుంది.

భావన స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చుంది. చదువు చివరి ఏడాదంతా ఆమె కృత్రిమ ఎముకల మీద ఇలాంటి ముక్కల్నే బిగించి, మెషీన్‌తో లాగించి, ఎప్పుడు ఊడతాయో చూస్తూ గడిపింది. ఒక స్క్రూ, రెండు స్క్రూలు, పొడుగువి, పొట్టివి. స్క్రూ ఊరికే వంగదని ఆమెకు తెలుసు. ఏదో లాగింది. ఏం లాగిందో ఈ మనిషికి కూడా తెలియకపోవచ్చు.

పొద్దున లేచిన దగ్గర్నుంచి ఏం చేస్తారో చెప్పొద్దు, చేసి చూపించండి అంది. తిరుమల్ సిగ్గుపడ్డాడు. తర్వాత లేచి నిలబడి, ఎడమచేత్తో పళ్ళు తోముకోవడం చూపించాడు, ఎడమచేత్తో నీళ్ళు పోసుకోవడం చూపించాడు. స్టోర్‌లో కుర్చీ మీద కూర్చుని హెల్మెట్లు ఇచ్చే లైట్ డ్యూటీ చూపించాడు. ఎడమచేత్తో అన్నం తింటుంటే మొదట్లో ముద్ద గొంతు దిగేది కాదని, ఇప్పుడు అలవాటైందని నవ్వాడు. నీళ్ళ క్యాన్ పోశన్న మోస్తాడు. బట్టలు పోశన్న పిండుతాడు. పోశన్నది పక్క ఊరే. క్యాంప్‌లో ఒకదాని మీద ఒకటిగా ఉండే మంచాల్లో అతనిది తిరుమల్ కింది మంచం.

"తర్వాత?"

"తర్వాత ఏమున్నది, పండుడే."

"అదీ చూపించండి."

గోడకు ఆనించిన ఇనుప ఫ్రేమ్ దగ్గరికి వెళ్ళాడు తిరుమల్. మంచం ఎడమవైపు గోడ ఉంటుందని, మెట్లు ఎప్పుడో ఊడిపోయాయని చెప్పి, పట్టీలోంచి కుడిచెయ్యి తీసి పై కడ్డీ పట్టుకున్నాడు. ఎడమకాలు ఫ్రేమ్ కింది కడ్డీ మీద పెట్టాడు. ఒంటిని పైకి లాగబోయాడు.

భావన ఆగమని లేచి, అతని భుజం ముందువైపు వేళ్ళు ఆనించింది. అక్కడి కండరం తాడులా బిగిసి ఉంది. ఆ తాడు రెండో చివర ఎక్కడ ముడిపడి ఉందో ఆమెకు తెలుసు. సరిగ్గా ఆ రెండు స్క్రూల కింద.

"ఇలా ఎన్నిసార్లు ఎక్కుతారు?"

"పండెటప్పుడు. మల్ల బాత్‌రూంకు లేస్తె దిగుడు, ఎక్కుడు."

"మీది పైమంచమని డాక్టరుగారితో అన్నారా?"

"ఎవలడిగిన్రు మేడం?" అన్నాడు తిరుమల్.

ఆమె కూడా అడగలేదు. రెండు నెలలుగా ఆ చెయ్యిని పట్టుకుని తిప్పుతూ, ఇంట్లో ఈ వ్యాయామాలు చేయండి అని బొమ్మల కాగితాలు ఇచ్చింది. అతని ఇల్లు ఒక మంచమనీ, అది గాలిలో ఉందనీ ఆమెకు తట్టలేదు.

*

డాక్టర్ రామకృష్ణారావు పాలు లేని సులైమానీ చాయ్ తాగుతూ స్క్రీన్ చూస్తున్నారు. దోహాలో తెలుగువాళ్ళకు ఆయనంటే గౌరవం. భావన ఇక్కడ లైసెన్స్ కోసం తిరుగుతున్న రోజుల్లో ఈ క్లినిక్‌కు ఆమె పేరు చెప్పింది ఆయనే. ఆయన భార్య అనంతలక్ష్మిగారు పండగలకు పిలిచి చీర పెడతారు.

భావన నిలబడే చెప్పింది. తిరుమల్ బరువులు ఎత్తలేదని, పైమంచం ఎక్కడానికి కడ్డీ పట్టుకుని లాక్కుంటున్నాడని, మోచెయ్యి ముడిచి ఒంటిని లాగినప్పుడల్లా ఆ కండరం ఎముక ముక్కను కిందికి గుంజుతోందని.

"ఏమీ ఎత్తలేదు సార్. తనని తనే ఎత్తుకున్నాడు."

ఆయన కప్పు కింద పెట్టారు. ముఖం తేలికపడింది. "అదన్నమాట. నేను అనుకుంటూనే ఉన్నానమ్మా, ఏదో చేశాడని." అంటూ కీబోర్డు దగ్గరికి లాక్కుని, పాత రెండు మాటల కింద మూడోది చేర్చారు. ఆపరేషన్ అయిన చేత్తో మంచాలు ఎక్కాడు.

భావన ఆ మూడో మాటను చదివింది. అతన్ని విడిపించడానికి తెచ్చిన మాట అది. దాన్నే తీసుకుని అతనికి ఇంకాస్త గట్టిగా బిగించారు.

మంచం ఎక్కవద్దని అతనికి ఎవరూ చెప్పలేదని అంది. చెప్పాలామ్మా, చెయ్యి వాడొద్దంటే అన్నీ వచ్చినట్టే కదా అన్నారాయన. వచ్చిన పేషెంట్‌నల్లా నీ మంచం ఏది, నీ దిండు ఏది అని అడగడానికి మనమేమన్నా హోటల్ నడుపుతున్నామా అని నవ్వారు కూడా. ఆ నవ్వులో చెడ్డతనం లేదు. అదే ఆమెకు కష్టమైంది.

ఆమె స్క్రీన్ వైపు చూసింది. పై స్క్రూ విల్లులా కొద్దిగా ఒంగి ఉంది. కింది స్క్రూ కొత్తదానిలా నిటారుగా ఉంది.

"సార్, సీటీ స్కాన్ తీయిద్దాం."

"ఎందుకు? వంగింది కనిపిస్తూనే ఉందిగా."

"వంగింది పైది ఒక్కటే. లాగినప్పుడు రెండూ కలిసి మోయాలి కదా సార్. మోస్తే కిందిది కూడా కొంతైనా వంగాలి. అది ఇంత శుభ్రంగా ఉందంటే ఏ బరువూ దాని మీద పడటం లేదేమో."

రామకృష్ణారావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. తను ఇరవై ఏళ్ళుగా భుజాలు కోస్తున్నానని, కాలేజీ ప్రాజెక్టులో ప్లాస్టిక్ ఎముకలు వేరు, మనిషి వేరు అని నెమ్మదిగా చెప్పారు. అవసరం లేని సీటీకి కంపెనీ ఒప్పుకోదన్నారు.

"అయితే నేను అడిగానని, మీరు వద్దన్నారని నా నోట్స్‌లో రాసుకుంటాను సార్."

ఆయన ఆమెను కొత్తగా చూస్తున్నట్టు చూసి, ఫోన్ తీసి, స్కానింగ్‌కు రేపటికి చెప్పారు. చెప్పి, ఇక వెళ్ళవచ్చన్నట్టు చాయ్ కప్పు అందుకున్నారు.

*

బయట హమీదుద్దీన్ లేచి నిలబడ్డాడు. భావన అతనితో ముందు మంచం సంగతి మాట్లాడింది. ఇవాళ్టి నుంచే తిరుమల్‌కు కింది మంచం కావాలంది.

హమీదుద్దీన్ కఠినమైన మనిషి కాదు. గడ్డం గోక్కుంటూ, కింది మంచాలన్నీ నిండి ఉన్నాయన్నాడు. తిరుమల్ కిందికి రావాలంటే పోశన్న పైకి పోవాలని, పోశన్న మోకాళ్ళు మీరు చూడలేదని, ఆయన గోడ పట్టుకుని నడుస్తాడని చెప్పాడు. ఎటూ శుక్రవారం దాకే కదా మేడం అన్నాడు.

పక్కన నిలబడి వింటున్న తిరుమల్ అప్పుడు నోరు విప్పాడు. "పోశన్నను లేపొద్దు. నేను నేల మీద పంట."

"నేల మీద మాఫీ, పండనియ్యరు. చెకింగ్ వాళ్ళు చూస్తె నా నౌకరీకి వస్తది," అన్నాడు హమీదుద్దీన్.

"అయితె చెకింగ్ వాళ్ళనే తోలుకరా హమీద్ భాయ్. ఎందుకు పన్నవని నన్నడగమను. నేను చెప్పుకుంట."

ఆ సాయంత్రం అల్ మన్సూరాలో తమ ఫ్లాట్‌కు వచ్చాక భావన భర్త మనీష్‌కు జరిగింది చెప్పింది. అతను అంతా విని, డాక్టరుగారితో ఎందుకు పెట్టుకోవడం, లైసెన్స్ మళ్ళీ రెన్యువల్‌కు వస్తుంది, ఆయన మాట సాయం కావాలి కదా అన్నాడు. కూతురు అమ్ము హోంవర్క్ మీద బోర్లా పడుకుని వాళ్ళిద్దరినీ మార్చి మార్చి చూస్తోంది. భావన బెండకాయలు తరుగుతూ, ఆయనతో పెట్టుకోలేదు, ఎక్స్‌రేతో పెట్టుకున్నాను అంది. మనీష్ ఉల్లిపాయలు ఒలవడానికి కూర్చున్నాడు.

మర్నాడు స్కానింగ్ అయ్యాక తిరుమల్ ఆమె గదికి వచ్చాడు. నేల మీదే పడుకున్నాడట. రెండు మంచాల మధ్య చాప వేసుకుని పడుకుంటే హమీదుద్దీన్ వచ్చి చూశాడట. తలుపు దగ్గర కాసేపు నిలబడి, లైటు ఆర్పి వెళ్ళిపోయాడట.

పోశన్న ఏమన్నాడని భావన అడిగింది.

తిరుమల్ పట్టీ అంచును ఎడమచేతి వేళ్ళతో సాపు చేసుకున్నాడు. "ఏమనలే. గోడ దిక్కు తిరిగి పన్నడు."

*

సీటీ బొమ్మలు గురువారం మధ్యాహ్నానికి వచ్చాయి. డాక్టరుగారు ఇంకా రాలేదు. భావన తన గదిలో కూర్చుని, ఎముకను పొర పొరగా విప్పుకుంటూ పోయింది. పై స్క్రూ ఎముక ముక్కలోంచి, గిన్నె ఎముకలోంచి సాగి, వెనకవైపు గట్టి పొరను కరిచి పట్టుకుని ఉంది. కింది స్క్రూ సగం దారిలో ఆగిపోయింది. దాని మొన లోపలి మెత్తని ఎముకలోనే ఉంది. అవతలి గట్టి పొరను అది ముట్టనే లేదు. దాని చుట్టూ సన్నని నల్లని చార. మెత్తటి గోడలో మేకు కదిలి కదిలి చేసుకున్న కన్నంలా.

ఒక్క మేకు మీద వేలాడదీసిన చెక్క తిరిగినట్టు, ఆ ముక్క పై స్క్రూ చుట్టూ కొద్దికొద్దిగా తిరిగింది. ప్రతి లాగుడూ పైదాని మీదే పడింది. అందుకే అది వంగింది.

డాక్టరుగారు వచ్చాక ఆమె లోపలికి వెళ్ళింది. ఆయన అప్పటికే బొమ్మలు చూస్తున్నారు. మౌస్ మీద వేలు పెట్టి, అదే పొరను ముందుకీ వెనక్కీ తిప్పుతున్నారు.

"చూశావా?" అన్నారు చివరికి.

"చూశాను సార్."

ఆయన కుర్చీలో వెనక్కి వాలి, ఆ రోజు రక్తం ఎక్కువ పోయిందని, కొలత సరిగ్గా తీసినట్టే గుర్తని తనలో తను అనుకున్నట్టు చెప్పారు. తర్వాత సర్దుకుని కూర్చుని, వచ్చే వారం మొదట్లోనే ఆపరేషన్ పెడదామన్నారు. రెండు స్క్రూలూ తీసేసి, తుంటి దగ్గర నుంచి కాస్త ఎముక తెచ్చి వేసి, పొడుగు స్క్రూలతో బిగిస్తానన్నారు. ఖర్చు ఎలాగో తను చూసుకుంటానని, టికెట్ ఆపమని కంపెనీకి తనే ఫోన్ చేస్తానని చెప్పారు.

"ముందు రాసింది మాత్రం అలాగే ఉండనీ అమ్మా. ఇప్పుడు మారిస్తే పది మంది పది ప్రశ్నలు అడుగుతారు. అతనికి కావలసింది చెయ్యి కదా. చెయ్యి బాగవుతుంది."

భావనకు ఒళ్ళంతా తేలికైంది. థాంక్యూ సార్ అని, దాదాపు పరుగులాంటి నడకతో తన గదికి వచ్చింది.

తిరుమల్ బల్ల అంచున కూర్చుని ఉన్నాడు. ఆమె చెక్కా మేకుల లెక్కలో అంతా చెప్పింది. కింది స్క్రూ పట్టుకోలేదని, అది అతను చేసింది కాదని, మళ్ళీ ఆపరేషన్ చేస్తారని, టికెట్ ఆగుతుందని. చెబుతున్నప్పుడు ఆమె ముఖం వెలుగుతూనే ఉంది.

తిరుమల్ అంతా విన్నాడు. అతని ముఖంలోకి సంతోషం రాలేదు.

"ఆపరేషన్ సరే మేడం. మరి నేను బరువులు ఎత్తిన అన్నది గట్లనే ఉంటదా?"

"అది కంప్యూటర్‌లో మాట తిరుమల్ గారూ. ఇక దాన్ని ఎవరు చూస్తారు?"

"క్యాంప్ల అందరికి ఎరుకే," అన్నాడు తిరుమల్. "పోశన్న రెండు నెల్లు నా బట్టలు పిండిండు. ఆ మోకాళ్ళతోని నా నీళ్ళ క్యాన్ మోసిండు. ఇప్పుడు నా దిక్కు చూస్తలేడు. శుక్రారం శుక్రారం, సెలవు దినం, ఎవలకు తెల్వకుండ బయట పనికి పోయి చెయ్యి చెడగొట్టుకున్న అనుకుంటుండు. నేను కాదంటె నమ్ముతడా? డాక్టరే రాసిండాయె."

భావన అతన్ని ఒప్పించడానికి చూసింది. ఇప్పుడు ఆపరేషన్ చేయించుకోకపోతే భుజం మళ్ళీ మొదటికి వస్తుందంది. డాక్టరుగారు ఇంత దూరం రావడమే కష్టమంది. ముందు చెయ్యి బాగు చేసుకోండి, తర్వాత సంగతి తర్వాత అంది. ఆ మాటలు అంటుంటే అవి డాక్టరుగారి మాటల్లాగే ఉన్నాయని ఆమెకే వినిపించింది.

"వద్దు మేడం. ఆ మాట పోయేదాక ఆయన నా మీద చెయ్యి పెట్టొద్దు. టికెట్ ఇస్తె ఇయ్యుండ్రి. ఒంటిచేత్తోనే బతుకుత."

అతను బల్ల దిగి, ఎవరినీ అడగకుండా, కారిడార్ దాటి డాక్టరుగారి తలుపు తోశాడు.

రామకృష్ణారావు తల ఎత్తి, వెనకే వచ్చిన భావనను చూసి, అంతా ఆమె చెప్పేసి ఉంటుందనుకుని నవ్వారు. కూర్చో బాబూ అన్నారు. తిరుమల్ కూర్చోలేదు. కుర్చీ వెనక నిలబడి, బయట కూర్చున్న హమీద్ భాయ్‌ను లోపలికి పిలవాలన్నాడు. స్క్రూ సంగతి ఆయన ముందర చెప్పమన్నాడు. క్యాంప్‌లో చెప్పేది ఆయనే కాబట్టి ఆయన చెవిన పడాలన్నాడు.

నవ్వు పోయింది. డాక్టరుగారు భావన వైపు తిరిగి, "ఇవన్నీ నువ్వు నేర్పావా?" అన్నారు.

"లేదు సార్. ఒప్పుకోమనే చెప్పాను. ఇప్పుడే, ఆ గదిలో. ఆయన ఒప్పుకోలేదు."

ఒక్క క్షణం ఆమె అక్కడే ఆగింది. మనీష్ అన్న లైసెన్స్ మాట, అనంతలక్ష్మిగారు పెట్టిన చీరలు, వచ్చే ఏడాదీ ఇదే కారిడార్‌లో ఈయనకు ఎదురుపడాల్సి ఉండటం అన్నీ ఆ క్షణంలోనే ఉన్నాయి.

"ఆయన అడిగేది సరైనదే సార్," అంది. వెళ్ళి తలుపు తెరిచి, హమీదుద్దీన్‌ను తనే పిలిచింది.

హమీదుద్దీన్ టోపీ చేతిలో పట్టుకుని లోపలికి వచ్చి, ముగ్గురినీ చూసి, తలుపు దగ్గరే ఆగిపోయాడు. రామకృష్ణారావు బల్ల మీది పెన్ను తీసి పక్కన పెట్టారు. మళ్ళీ తీసి మొదటి చోటే పెట్టారు. ఆయన ఇప్పుడు లేచి బయటికి వెళ్ళిపోతారని భావన అనుకుంది. తిరుమల్ మాత్రం కదలలేదు. తొందర ఉన్నట్టు కూడా లేడు.

చివరికి ఆయన స్క్రీన్‌ను హమీదుద్దీన్ వైపు తిప్పారు.

"ఇది పై స్క్రూ. ఇది వంగింది," అన్నారు వేలితో చూపిస్తూ. "ఇది కిందిది. వెనక గట్టి ఎముక దాకా పోయి పట్టుకోవాలి. పోలేదు. పొట్టిది. అది పట్టుకోనందుకే పైది వంగింది. ఇతను బరువులు ఎత్తలేదు."

"మరి మంచం ఎక్కిండు కద సార్?" అన్నాడు హమీదుద్దీన్.

"ఎక్కొద్దని ఇతనికి ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు." ఆయన గొంతు సవరించుకున్నారు. "ముందు రాసింది తీసేస్తున్నాను. మీ ఆఫీసుకూ ఇదే చెప్పండి. క్యాంప్‌లోనూ చెప్పండి."

హమీదుద్దీన్ సరేనన్నట్టు తల ఊపి, ఏమనుకున్నాడో, తిరుమల్ వైపు తిరిగి మళ్ళీ తల ఊపాడు.

తిరుమల్ అప్పుడు కుర్చీ చుట్టూ తిరిగి ముందుకు వచ్చాడు. స్క్రీన్ మీది ఆ చిన్న తెల్లని గీతను దగ్గరగా వంగి చూశాడు. తన ఒంట్లో ఉన్నదాన్ని అతను చూడటం అదే మొదటిసారి.

"గీ పొట్టిది ఎవలేసిన్రు సార్?"

అడగడంలో కోపం లేదు. తెలుసుకోవాలని అడిగినట్టే అడిగాడు. హమీదుద్దీన్ తన బూట్ల వైపు చూసుకున్నాడు.

"నేనే," అన్నారు రామకృష్ణారావు.

తిరుమల్ ఆయన ముఖంలోకి కాసేపు చూశాడు. తర్వాత ఎడమచేత్తో మెడ వెనక పట్టీ ముడి విప్పుకుని, పక్కనున్న పరీక్ష బల్ల ఎక్కి కూర్చుని, కుడి భుజం ఆయన వైపు తిప్పాడు.

"అయితె మీరే తియ్యుండ్రి."